రుబ్బురోలు గీత

కుందేలుగుట్ట రాడార్ కేంద్రం, పరిశీలకుల దినచర్య పుస్తకం
రాస్తున్నది: చౌడేశ్వరి, రెండో తరగతి పరిశీలకురాలు

పుట 211. సోమవారం

ఆరింటికి రాడార్ మైదానం ఊడ్చాను. నూట నలభై నాలుగు స్తంభాలు, ఒక్కోదాని మీద తక్కువలో తక్కువ రెండు పావురాలు. అయస్కాంతపు ఉత్తరం జరిగిపోయినప్పటి నుంచి వీటికి ఇంటిదారి తెలియడం లేదు. ఎక్కడ ఇనుము కనిపిస్తే అక్కడ వాలి కాపురం పెట్టేస్తున్నాయి. రెట్ట గోకడం కూడా పరిశోధనలో భాగమేనని మా డైరెక్టర్ వరదరాజులు సారు అంటారు. ఆయన మాత్రం ఆ భాగం జోలికి ఎప్పుడూ రాలేదు.

ఏడింటికి దిక్సూచి చూశాను. సూది బళ్ళారి వైపే ఉంది, నిన్నటికన్నా వెంట్రుకవాసి ఎక్కువ. ఈ సంగతి సారు చెవిన పడకూడదు. పడితే మళ్ళీ వాస్తు ఆయన్ని పిలిపిస్తారు. ఈ కేంద్రం సింహద్వారం ఇప్పటికి మూడుసార్లు మారింది. ప్రస్తుతం స్నానాల గది పక్కన ఉంది. ఎవరొచ్చినా ముందు మా బకెట్ల దర్శనం చేసుకుని లోపలికి రావాలి.

ప్రతి సోమవారం యంత్రం చేసే పనిని క్లుప్తంగా రాయాలని నిబంధన, కాబట్టి రాస్తున్నాను. రేడియో తరంగాన్ని పైకి వదులుతాం. నింగిలో కరెంటు నిండిన పొర ఒకటుంది, తరంగం దానికి తగిలి వెనక్కి వస్తుంది. భూమి అయస్కాంతం వణికితే ఆ పొర ఊగుతుంది, కాగితం మీద మా గీత కూడా ఊగుతుంది. దీనికి పుస్తకాల్లో పొడుగాటి పేరుంది. జనం ఊపు అంటారు. ఊపు వచ్చినప్పుడు పొడుగు తీగల్లోనూ పొడుగు గొట్టాల్లోనూ పిలవని కరెంటు పారి, మోటార్లూ సిగ్నళ్ళూ ఆగిపోతాయి. అందుకే రోజూ మధ్యాహ్నం పన్నెండుకి మేము ఊపు పత్రం విడుదల చేస్తాం. జిల్లా అంతా దాన్ని గోడలకు అతికించుకుంటుంది. పన్ను పీకించుకోవడానికి కూడా మా పత్రం చూసి వెళ్ళేవాళ్ళున్నారు.

11:13 నుంచి 11:31 వరకు గీత ఊగింది. నలభై సెకన్లకు ఒక అల. ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టి, పక్కన "రు.రో." అని రాశాను. పత్రంలో "నిశ్చలం" అని వేశాను. సారు గీత పక్కనా, పత్రం మీదా పొట్టి సంతకం పెట్టారు.

రు.రో. అంటే రుబ్బురోలు. నా జీవితంలో నేను కనిపెట్టినది ఇదొక్కటే కాబట్టి రెండు ముక్కలు ఎక్కువే రాసుకుంటాను. పదహారేళ్ళ కిందట ఇక్కడి పెద్దలు ఈ నలభై సెకన్ల అలను ఆకాశంలో కొత్త ఊపు అనుకుని మూడు వ్యాసాలు అచ్చు వేయించుకున్నారు. అప్పుడే ఇక్కడికి బదిలీ అయి వచ్చిన నేను వంటింట్లోకి వెళ్ళి, చేతిగడియారం పట్టుకుని నిలబడ్డాను. వంట దస్తగిరి రోజూ పదకొండింటికి మర్నాటి దోసెలకు మినప్పప్పు కరెంటు రుబ్బురోలులో వేసేవాడు. పిండి అంచులకెక్కితే ఆపి, చేత్తో లోపలికి తోసి, మళ్ళీ వేసేవాడు. సరిగ్గా నలభై సెకన్లకోసారి. మోటారు ఆగినప్పుడల్లా రాడార్‌కి వచ్చే కరెంటు ఎగిరిపడేది. అంతే సంగతి, అంతరిక్షమంతా మినప్పిండి అని తేలింది.

నియమావళి ఏడో పేజీలో దానికి "చౌడేశ్వరి సవరణ" అని పేరు పెట్టారు. పదకొండు, పన్నెండు మధ్య నలభై సెకన్ల అల కనిపిస్తే ఎర్రగీత కొట్టవలెను, చెరపరాదు. ఆ చెరపరాదు అన్న మాట కూడా నేను పట్టుబట్టి పెట్టించిందే.

పుట 212. మంగళవారం

పొడుగుగొట్టం శాఖ నుంచి ఉత్తరం. సముద్రపు నీళ్ళు తీపి చేసి మా మెట్ట ఊళ్ళకు తోసే గొట్టం వాళ్ళది, పారడం మొదలై రెండు నెలలే. దారిలో తొమ్మిది పంప్‌హౌసులున్నాయి. నాలుగోది జిల్లేడుమడుగు. అక్కడి మోటారు రెండు నెలల్లో నలభైసార్లు ఆగిందట. గత యాభై ఎనిమిది రోజుల మా పత్రాలకు ధ్రువీకరించిన నకలు కావాలని అడిగారు.

పంపించాను. యాభై ఎనిమిది రోజులూ పదకొండు నుంచి పన్నెండు దాకా నిశ్చలం, నిశ్చలం, నిశ్చలం. ఎంత ముచ్చటగా ఉందో. ఆకాశం ఇంత బుద్ధిగా ఉంటే మోటారు ఎందుకాగుతుంది, ఎవరో కునుకు తీస్తున్నారు అనుకుని కవరు అంటించాను.

పగలు ఇంకేమీ జరగలేదు. టిఫిన్‌లో దోసెలు బాగానే ఉన్నాయి. ఆ మాట దస్తగిరికి చెప్పలేదు. ఏడేళ్ళ కిందట గోంగూర పచ్చట్లో ఉప్పు తగ్గిందన్నందుకు, మేడమ్ ఇంక నా వంటింటి గడప తొక్కొద్దన్నాడు. నేనూ తొక్కలేదు. కిటికీలోంచి ప్లేటు ఇస్తాడు, కిటికీలోంచే తీసుకుంటాను. ఇద్దరికీ హాయిగా ఉంది.

పుట 213. బుధవారం

పొద్దున పదిన్నరకు ఒకావిడ బకెట్లను దాటుకుని లోపలికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, భుజాన తువ్వాలు, కాళ్ళనిండా దుమ్ము. పేరు ఓబుళమ్మ, జిల్లేడుమడుగు పంప్‌హౌస్ ఆపరేటర్. బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిచి వచ్చింది. సారు పూజలో ఉన్నారు. నేను పత్రం పనిలో ఉన్నాను, కాసేపు ఉండమన్నాను. దస్తగిరి ఆమె మొహం చూసి, లోపలికి పిలిచి ఉగ్గాని పెట్టాడు. నాకు ఏడేళ్ళుగా మూసుకున్న తలుపు ఆమెకు ఏడు క్షణాల్లో తెరుచుకుంది.

తిని వచ్చి నా పక్కన నిలబడి తన గోడు చెప్పింది. మోటారు రెండు రకాలుగా ఆగుతుందట. గొట్టంలోకి పిలవని కరెంటు వస్తే దానంతటదే ఆగుతుంది. లేదంటే ఎవరైనా ఎర్రమీట నొక్కితే ఆగుతుంది. ఎలా ఆగినా వెలిగేది ఒకే బల్బు. ఆగినప్పుడల్లా పైగొట్టంలో నీళ్ళు వెనక్కి వచ్చి, తూము గుండా జిల్లేడుమడుగులో పడతాయి. ఆ మడుగు ఆమె ఊరిదే. మా పత్రంలో ఊపు లేదు కాబట్టి మీట నొక్కింది ఆమేనని, సొంత ఊరికి నీళ్ళు మళ్ళిస్తోందని శాఖ తేల్చింది. విచారణ శుక్రవారం. ఉద్యోగం పోతుంది, ఊరికి ఆరు నెలలు నీటివంతు ఆపేస్తారు.

"ఊర్లో నన్ను దొంగంటే తట్టుకుందును అక్కా," అంది. "వాళ్ళు పొగుడుతాండారు. మా ఓబుళమ్మ మనకోసరం తెగించిందని దండ ఏసినారు. నేను మీట మీద చెయ్యే పెట్టలేదంటే నవ్వి కన్ను గొడ్తాండారు. అది నాకు శానా బాధగా ఉంది."

నేను సానుభూతిగా తలాడిస్తూనే ఉన్నాను. అప్పుడు సమయం 11:16. గీత ఊగింది. నలభై సెకన్లకు ఒక అల. మాట వింటూనే ఎర్ర పెన్సిల్ తీసి కొట్టాను. ఏంటక్కా కొట్టేసినావని అడిగింది. రుబ్బురోలు, వంటింట్లో పిండి రుబ్బుతున్నారు అని చెప్పాను. ఆమె వంటింటి వైపు చెయ్యి చూపింది.

"నేనిప్పుడు ఆడినుంచే కదా వచ్చినా. ఎవురూ రుబ్బటం లేదు. ఆ రోట్లో ఎర్రగడ్డలు పోసిపెట్టినారు."

ఏడేళ్ళ తర్వాత ఆ గడప తొక్కాను. దస్తగిరి గరిటె పట్టుకుని అడ్డంగా నిలబడి, నా మొహంలో ఏం కనిపించిందో, పక్కకు తప్పుకున్నాడు. మూల రుబ్బురోలు ఉంది. దాని నిండా ఉల్లిపాయలు, ఆమె చెప్పిన ఎర్రగడ్డలే. తీగ కూడా లేదు. మోటారు కాలిపోయి ఆరేళ్ళయిందట. అప్పటి నుంచి పిండి టౌను నుంచి డబ్బాలో వస్తోంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదు మేడమ్ అన్నాడు.

ఆరేళ్ళుగా ఆకాశంలో నిజంగా వచ్చిన ఊపును నేను మినప్పిండి అని కొట్టేస్తున్నాను. పెద్దలు అచ్చు వేయించిన నలభై సెకన్ల ఊపు, రోలు చాటున, నిజంగానే ఉందన్నమాట. ఏ రోజైనా అల రాకపోతే దస్తగిరి రేపు ఉప్మా చేస్తాడు కాబోలు అనుకున్నాను. మర్నాడు ప్లేటులో దోసె వచ్చినా నా బుర్రకు తట్టలేదు.

పుట 214. గురువారం

పొద్దున సారు గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన పేపర్‌వెయిట్‌ను తిప్పారు. ఆరేళ్ళ పత్రాలు తప్పని మనంతట మనమే చెప్పుకుంటే ఇక గోడకు ఎవరు అతికిస్తారన్నారు. రైళ్ళు, ఆసుపత్రులు మన మాట మీద నడుస్తున్నాయన్నారు. ఈసారికి "సందేహాస్పదం" అని ఒక చీటీ పంపి ఊరుకుందామన్నారు. చీటీ చూసి ఓబుళమ్మను వదిలేస్తారా అంటే, అది వాళ్ళిష్టం అన్నారు.

నిజం రాస్తాను, ఈ పుస్తకం ఎలాగూ ఎవరూ చదవరు. ఆ చీటీ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఏడో పేజీ తప్ప నాకంటూ ఈ లోకంలో ఏమీ లేదు. పదహారేళ్ళుగా ప్రతి కొత్తవాడికీ ఆ కథ నేనే చెప్పాను, పెద్దల్ని వెక్కిరిస్తూ చెప్పాను. ఇప్పుడు వెక్కిరించాల్సింది నన్ను. మధ్యాహ్నం దాకా చీటీ మూడుసార్లు రాసి మూడుసార్లు చించాను.

తర్వాత బీరువా తెరిచాను. యాభై ఎనిమిది కాగితపు చుట్టలు. చెరపకూడదన్న నియమం ఉంది కాబట్టి, ఎర్రగీత కింద ప్రతి అల చెక్కుచెదరకుండా ఉంది. ఓబుళమ్మకు పంప్‌హౌస్‌కి తీగ ఫోను కలిపి, మోటారు ఆగిన సమయాలు రాసుకున్నావా అని అడిగాను. నిమిషాలతో సహా పుస్తకంలో రాసిందట. ఆ పుస్తకం ఇంజనీరు పట్టుకుపోయాడట, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకున్నావని తిట్టి.

మంచిదే. పుస్తకం ఆయన దగ్గర, చుట్టలు నా దగ్గర. ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

పుట 215. శుక్రవారం

విచారణ వాయిదా. పదకొండింటికి పెట్టుకున్నదాన్ని, రాహుకాలమని గుర్తొచ్చి ఇంజనీరు పెంచలయ్య రేపటికి మార్చాడు. ఉత్తరమెటో తెలియని రోజుల్లో కూడా ఈ దేశంలో రాహుకాలం మాత్రం నిమిషం తప్పడం లేదు.

11:05కి ఈ ఏడాదిలోకెల్లా పెద్ద ఊపు వచ్చింది. కాగితం అంచు దాటి ఊగింది. జిల్లేడుమడుగులో మోటారు ఆగిందని ఓబుళమ్మ ఫోను చేసింది. చూడాల్సిన అధికారి రాహువుకు భయపడి ఇంట్లో కూర్చున్నాడు.

ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను, అలవాటు. మళ్ళీ కింద పెట్టేశాను. పత్రంలో "ఊపు, తీవ్రం" అని వేసి సారు ముందు పెట్టాను. ఆయన దాన్ని పూర్తిగా చదివారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక పత్రాన్ని చదవగా నేను చూడటం ఇదే మొదలు. సంతకం పెట్టారు.

పుట 216. శనివారం

యాభై తొమ్మిది చుట్టలు గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. రెండో స్టాపులో సారు ఎక్కారు. నన్ను చూడనట్టు వెనక సీట్లో కూర్చున్నారు. నేనూ చూడనట్టే ఉన్నాను.

జిల్లేడుమడుగు పంప్‌హౌస్ ఒకే గది. మోటారు, ఎర్రమీట, బల్బు, గోడ గడియారం. ఓబుళమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కిటికీల దగ్గర సగం ఊరు నిలబడి ఉంది. పెంచలయ్య సన్నగా, చిరాగ్గా ఉన్నాడు, కానీ దుర్మార్గుడిలా లేడు. ఆకాశమే మోటారు ఆపుతోంది, మా పత్రాలే తప్పు అని నేను చెప్పగానే, అయితే చూద్దాం అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పదకొండు అయింది. పదకొండుంపావు అయింది. మోటారు హాయిగా తిరుగుతోంది. నిన్న అంచులు దాటి ఊగిన ఆకాశం ఇవాళ ఎవరి పెళ్ళికో వెళ్ళినట్టుంది. పదకొండున్నర, పావు తక్కువ పన్నెండు. ఓబుళమ్మ మోటారు వంక చూడటం మానేసి నేల వంక చూస్తోంది.

"చూస్తిరిగా మేడమ్," అన్నాడు పెంచలయ్య. "ఎదురుగా మనిషి కూర్చుంటే ఆగడం లేదు. నేనింకేం రాసుకోవాల?"

నేను ఆయన్ని ఒక్కటే అడిగాను. ఆమె పుస్తకం తెరిచి, మోటారు ఆగిన సమయాలు మీరే పైకి చదవండి అన్నాను. చుట్ట విప్పాను. ఆయన మొదటిది 11:17 అన్నాడు. నా ఎర్రగీత 11:13 దగ్గర ఉంది. నాలుగు నిమిషాలు తేడా ఉందే అని నవ్వాడు. రెండోది 11:09. నా గీత 11:05. మూడోది 11:26, నాది 11:22. నాలుగోదానికి నవ్వు తగ్గింది. ఏడోదానికి తల ఎత్తి గోడ గడియారం చూశాడు, తన చేతిగడియారం చూశాడు. గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. ఎందుకని అడిగితే, ఇంటికిపోయే బస్సు తప్పిపోకుండా తానే అలా పెట్టుకున్నానని ఓబుళమ్మ ఒప్పుకుంది.

పదకొండోదాని దగ్గర్నుంచి ఆయన తన పుస్తకం వేలితో మూసి, ముందు మీరు చెప్పండి అన్నాడు. నేను చెప్పాను, ఆయన నాలుగు కలుపుకుని తీసి చూశాడు. అలా నలభైనీ చూశాం. ఒక్కటే కలవలేదు. ఆ రోజు నా చుట్టలో అలే లేదు. ఆయన అక్కడ ఆగి ఆమె వంక చూశాడు. పక్కన ఏమన్నా రాసుందేమో చదవండి అన్నాను. "ఎలుక దూరినది" అని ఉంది. దాని కింద "చచ్చినది" అని ఉంది. కిటికీల దగ్గర నవ్వులు వినిపించాయి.

ఇవన్నీ నిన్న మీరిద్దరూ కూర్చుని గీసుకోలేదని ఏంటి నమ్మకం అని అడిగాడు. సరైన ప్రశ్నే. దానికి జవాబు నా వెనక నుంచి వచ్చింది. వరదరాజులు సారు లేచి నిలబడ్డారు.

"ప్రతి గీత పక్కన తేదీతో పొట్టి సంతకం ఉండాదే, అది నాదేనయ్యా. ఏ రోజుది ఆ రోజే పెట్టినా. చూడకుండా పెట్టినా, అది వేరే సంగతి."

పెంచలయ్య చాలాసేపు రాసుకున్నాడు. చివరికి, అయితే తప్పు ఎవరిదని వెయ్యమంటారు అని అడిగాడు. ఏడో పేజీ నాకు గుర్తొచ్చింది. "నాది," అన్నాను. "చౌడేశ్వరి, రెండో తరగతి పరిశీలకురాలు. ఆరేళ్ళుగా లేని రుబ్బురోలు పేరు చెప్పి, ఉన్న ఊపును కొట్టేశాను. వంటింట్లోకి వెళ్ళి చూడలేదు."

వంటిల్లేంటని ఆయన అడిగాడు. గోంగూర పచ్చడితో మొదలుపెట్టి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఒక ప్రభుత్వ విచారణ పత్రంలో ఉప్పు తక్కువైన గోంగూర పచ్చడి ప్రస్తావన ఉండటం బహుశా ఇదే మొదటిసారి.

పుట 239. సోమవారం

ఆరింటికి మైదానం ఊడ్చాను. నన్ను మూడో తరగతికి దించారు. పావురాలకు ఆ సంగతి తెలిసినట్టు లేదు, ఎప్పటిలాగే గౌరవించాయి.

ఏడో పేజీ మార్చారు. పేరు తీసేయమని నేనే అడిగాను, సారు ఒప్పుకోలేదు. ఇప్పుడు చౌడేశ్వరి సవరణ అంటే ఇది: ఎర్రగీత కొట్టేముందు పరిశీలకులు స్వయంగా వంటింట్లోకి వెళ్ళి చూడవలెను. అందుచేత రోజూ పదకొండింటికి అధికారికంగా గడప తొక్కుతున్నాను. దస్తగిరి ఎర్రగడ్డల రోలును చూపించి, ఏమీ తిరగడం లేదు మేడమ్ అని సాక్ష్యం చెప్పి, టీ ఇస్తాడు. టీలో చక్కెర ఎక్కువ వేస్తాడు. నేనేమీ అనడం లేదు.

11:08కి గీత ఊగడం మొదలైంది. రెండు నిమిషాల్లో ఫోను మోగింది. ఓబుళమ్మ.

ఊపు మొదలైందని చెప్పబోతే, తెలుసక్కా, కొత్తగా బిగించిన మీటరు ముల్లు ఊగింది, అప్పుడే మీట నొక్కి ఆపేసినా అంది. మోటారు దానంతటది ఆగితే లోపల దెబ్బ తింటోందట. అందుకని శాఖ కొత్త ఆర్డరు గోడకు అంటించింది: ఊపు కనిపించిన వెంటనే ఆపరేటరే చేత్తో మోటారు ఆపవలెను. కింద సంతకం పెంచలయ్యది.

"ఏ పని జేసినానని తరిమేయాలనుకున్యారో, ఇప్పుడు ఆ పని జేయకుంటే తరిమేస్తారంట," అంది.

మరి నీళ్ళు మడుగులోకి పోతున్నాయా అని అడిగాను. పోతాండాయి అంది. ఊళ్ళోవాళ్ళు ఏమంటున్నారని అడిగాను.

"ఏమీ అనడం లేదక్కా. దండ ల్యాదు, పొగడ్త ల్యాదు. దాని డ్యూటీ అది జేస్తాందిలే అంటాండారు."

ఆమె గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. గీత 11:29కి ఆగింది. అలాగే ఉంచాను.